వంశచరిత్రయు కన్నీళ్ళ బాటయు : మూడు చెరోకీ గ్రంథముల పరిశీలన

అమెరికా సంయుక్తరాష్ట్రములలో తమ వంశమున చెరోకీ రక్తము కలదని చెప్పుకొను కుటుంబములు మిక్కిలి యెక్కువ. 2020 జనాభా లెక్కలలో ఇంచుమించు 15 లక్షలమంది తమ్ము చెరోకీలుగా వ్రాయించుకొనిరి. ప్రభుత్వమువారి గుర్తింపు పొందిన చెరోకీ సంఘములు మూడు: ఓక్లహోమాలోని చెరోకీ నేషను, అక్కడనే యున్న యునైటెడ్ కీటూవా బ్యాండు, నార్త్ కరోలినాలోని ఈస్టర్న్ బ్యాండు. ఈ మూడింటి పట్టికలలోని సభ్యులనందఱిని కూడినను ఆ సంఖ్యలో సగమునకు చాలరు. తక్కినవారిలో పెక్కుమందికి ఆధారము ఇంట చెప్పుకొనిన మాటయే. తఱచుగా అది ఒక ముత్తవ్వను గూర్చిన మాట. స్టాండింగ్ రాక్ సూ జాతికి చెందిన వైన్ డెలోరియా 1969లో ప్రకటించిన గ్రంథమున ఈ వేడుకను చక్కగా ఎగతాళి చేసెను. తన్ను చూడవచ్చిన తెల్లవారికెల్ల ఒక ఇండియను అవ్వయే యుండెను గాని తాత యుండుట అరుదనియు, ఆ యవ్వ ప్రాయికముగా చెరోకీయే యనియు ఆతని పరిహాసము.

పరిహాసము నటుండనిండు. తన పూర్వులెవరో తెలిసికొనగోరుట తప్పు కాదు. అట్లు గోరిన కుటుంబము చేతికి ఏ పుస్తకము వచ్చును, అది సత్యము చెప్పుచున్నదా, చెప్పుచున్నదని ఎట్లు తెలియును అనునవి విమర్శకుడు విచారింపవలసిన విషయములు. ఈ విచారణకు నేను మూడు గ్రంథములను గైకొనుచున్నాను: ఫారెస్టు కార్టరు పేర 1976లో వెలువడిన ‘ది ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ’, డయేన్ గ్లాన్సీ 1996లో వ్రాసిన ‘పుషింగ్ ది బేర్’ అను నవల, టియా మైల్సు 2005లో ప్రకటించిన ‘టైస్ దట్ బైండ్’ అను కుటుంబచరిత్ర. మూడింటను చెరోకీల తరలింపు కలదు. మూడును మూడు తెఱగులవి.

ముందు జరిగినదేమో సంగ్రహముగా చెప్పవలెను. జార్జియా, టెన్నెస్సీ, అలబామా, నార్త్ కరోలినా సీమల కొండలలోను నదీతీరములలోను చెరోకీలు వ్యవసాయము చేసికొని బ్రతుకుచుండిరి. 1821 నాటికి సెక్వోయా యనునాతడు తన భాషకు లిపి కల్పించెను. 1828 ఫిబ్రవరి 21వ తేదీన న్యూ ఎకోటాలో ‘చెరోకీ ఫీనిక్సు’ అను పత్రిక చెరోకీ, ఇంగ్లీషు భాషలు రెంటను వెలువడెను. 1830లో ఇండియనులను మిసిసిపీ నదికి పడమరగా తరలించు చట్టమయ్యెను. 1832లో సుప్రీంకోర్టు జార్జియా చట్టములు చెరోకీ భూమిపై చెల్లవని తీర్పు చెప్పినను, ఆ తీర్పు కాగితముననే నిలిచెను. 1835 డిసెంబరు 29న జాతిప్రభుత్వపు అనుమతి లేకయే కొలదిమంది కలసి న్యూ ఎకోటా ఒడంబడికపై చేవ్రాళ్ళు చేసిరి. జాన్ రాసు నాయకత్వమున వేలమంది విన్నపములు పంపినను, సెనేటు దానిని ఒక్క వోటు మిగులుతో స్థిరపఱచెను. 1838 మే నెలలో జనరల్ స్కాటు సైనికులు ఇండ్లమీద పడి జనులను శిబిరములకు తోలిరి. ఆ చలికాలమున టెన్నెస్సీ, కెంటకీ, ఇల్లినాయి, మిసోరీల మీదుగా జరిగిన ప్రయాణమే కన్నీళ్ళ బాట. శిబిరములయందును బాటయందును మడిసినవారు 4,000 అని సాధారణముగా చెప్పుదురు. అది జనులతోపాటు నడచిన బట్లరు అను మిషనరీ వైద్యుని అంచనా. 1984లో రస్సెల్ థార్నటను అను జనసంఖ్యాశాస్త్రజ్ఞుడు ఆ సంఖ్య తక్కువ యని వాదించెను.

ఇక గ్రంథములు. ‘లిటిల్ ట్రీ’ ఒక అనాథ బాలుడు తన చెరోకీ తాతయొద్దను అవ్వయొద్దను పెరిగిన వృత్తాంతము. నిజమైన ఆత్మకథ యని దానిని ప్రకటించిరి. 1991లో అది ‘న్యూయార్కు టైమ్సు’ వారి యథార్థగ్రంథముల పట్టికలో అగ్రస్థానమును పొందెను. అదే యేట డాన్ కార్టరు అను చరిత్రకారుడు దాని రచయిత నిజముగా ఏసా కార్టరు అనియు, కూ క్లక్సు క్లానుకు చెందినవాడనియు, 1963లో అలబామా గవర్నరు వాలెసు వర్ణవివక్షను శాశ్వతముగా నిలుపుదునని పలికిన ఉపన్యాసము వ్రాసినవాడనియు వెల్లడించెను. పత్రికవారు గ్రంథమును కల్పితముల పట్టికకు మార్చిరి. దానిలో చెరోకీ మాటలుగా చూపిన పదములు చెరోకీలెఱుగనివని ఆ జాతివారే చెప్పియున్నారు.

రచయిత దుష్టుడైనంత మాత్రమున రచన దుష్టము కావలెనా యని ఒకరు అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. కావున రచయితను ప్రక్కనుంచి రచననే చూతము. అందు తరలింపు ఘట్టమున చెరోకీలు బండ్లెక్కుటకు ఒప్పుకొనక, చనిపోయిన బిడ్డలను చేతులతో మోసికొనుచు, కన్ను తడియనీయక నడచుచుందురు. చూచువారే కన్నీరు పెట్టుకొందురు. ఈ చిత్రము మనోహరముగా నున్నది. దోషమంతయు ఆ మనోహరత్వముననే కలదు. బండ్లు వృద్ధులకును రోగులకును సామానులకును చాలకపోవుటచే తక్కినవారు నడచిరి గాని, ఎవరును గర్వముచేత బండ్లను త్రోసివేసి నడువలేదు. ఏడ్వని మనుష్యుడు శిలావిగ్రహమగును, శిలావిగ్రహమునకు భూమి నిచ్చివేయవలసిన పనిలేదు, దండ వేసినచో చాలును. చదువరికి అందు దక్కునది తన జాలిగుండెపై తనకు గలుగు మెప్పు మాత్రమే. ఆ గ్రంథము లక్షలకొలది అమ్ముడుపోవుటకు ఇదియే కారణమని నా తలంపు.

గ్లాన్సీ నవలలోని జనులు ఏడ్తురు. తిట్టుకొందురు, దొంగిలింతురు, దేవుని నిందింతురు. నార్త్ కరోలినా నుండి బయలుదేరిన మారిటోలీ అను స్త్రీయు ఆమె భర్త నోబౌటీయు ప్రధానపాత్రలు. వారి దాంపత్యము బాటమీదనే చెడును, బిడ్డ చనిపోవును. మారిటోలీకి తన ఇంటి వస్తువులు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండును. భూమి పోయినదని మగవారు దుఃఖింతురు. ఆమెకు వంటపాత్రయు పొయ్యియు పోయినవి. చెరోకీలలో ఇల్లును పొలమును స్త్రీలవి యను విషయమును చరిత్రకారులు పుటలకొలది వ్రాసిరి. గ్లాన్సీ దానిని ఈ చిన్నవస్తువుల మూలమున మనసుకు పట్టించెను. పేరులోని ఎలుగుబంటి బయటి మృగము కాదు, తమకు మాత్రమే కావలెనను లోభము. మనుష్యులుగా నుండనొల్లక అడవికి పోయి ఎలుగుబంట్లైన వంశమొకటి కలదని చెరోకీ గాథ చెప్పుచున్నది. దానిని 1900లో జేమ్సు మూనీ సేకరించి అచ్చొత్తించెను. నవల ఆ గాథను బాటమీదికి తెచ్చినది.

ఉపాధ్యాయుడనగుటచే నన్ను ఎక్కువగా ఆకర్షించినది వేఱొకటి. ఈ నవలలో అక్కడక్కడ చెరోకీ మాటలు సెక్వోయా లిపిలోనే అచ్చైయున్నవి. ఇంగ్లీషు చదువరి అచట ఆగిపోవలసినదే. ఆ లిపిని గూర్చి ఒకమాట. దానిలో 85 అక్షరములు కలవు. ప్రాయికముగా ఒక్కొక్కటి హల్లును అచ్చును కలసిన అక్షరము, మన గుణింతములోని అక్షరము వంటిది. ఐనను మన ‘క’కును ‘కి’కిని రూపసామ్యము కలదు, సెక్వోయా అక్షరములలో అట్టి పోలిక లేదు, దేనిని దానినే వేఱుగా నేర్వవలెను. నేర్చుటకు వారికి పట్టిన కాలము స్వల్పమని నాటివారే ఆశ్చర్యపడిరి. ఆ యక్షరములు పుటమీద కనబడినపుడు చదువరి అనుభవించు ఆగుడు ఆ జనులు తమచుట్టు ఇంగ్లీషు ఆజ్ఞలను వినుచు అనుభవించినదే. ఇది నవలలోని సాహసము. లోపమును గూడ చెప్పవలెను. అనేకులచేత తమ తమ నోట కథ చెప్పించినది గాని, భర్తయు భార్యయు ప్రచారకుడును సైనికుడును ఒకే తీరున, విఱిగిన చిన్న వాక్యములతో మాటలాడుదురు. శీర్షికగా నున్న పేరు తీసివేసినచో ఎవరు పలుకుచున్నారో పెక్కుచోట్ల తెలియదు.

‘టైస్ దట్ బైండ్’ ఈ రెంటికంటె కష్టమైన పుస్తకము, నా యభిప్రాయమున ఈ మూడింటను మేలైనదియు నిదియే. షూ బూట్సు అను చెరోకీ యోధుడు 1814లో హార్స్ షూ బెండు యుద్ధమున పోరాడెను. జార్జియాలోని ఎటోవా నదీప్రాంతమున వ్యవసాయము చేసికొనుచుండెను. అతని తెల్లభార్య పిల్లలతో కెంటకీకి పోయి మరల రాలేదు. డాల్ అను నీగ్రో స్త్రీ అతని బానిస. ఆమెయందు అతనికి బిడ్డలు కలిగిరి. 1824లో అతడు తన బిడ్డలు మువ్వురిని స్వతంత్రులనుగాను జాతిసభ్యులనుగాను గ్రహింపుడని చెరోకీ జాతిసభకు విన్నవించుకొనెను. తన ఎముకకు ఎముకయైనవారు ఆస్తిగా పరిగణింపబడుట తనకు దుస్సహమని అతని మొఱ. సభ అంగీకరించినది; ఆ దాసియందు ఇక బిడ్డలను కనరాదనియు ఆజ్ఞాపించినది. తరువాత కవలలు పుట్టిరి. 1829లో తండ్రి గతించెను. ఆ కవలల విడుదలకై అతని తోబుట్టువులు పెట్టిన విన్నపము నెగ్గలేదు.

ఇందలి చిక్కు తెలుగు చదువరికి ఒకింత విప్పిచెప్పవలెను. మనకు ఇంటిపేరును గోత్రమును తండ్రివలన వచ్చును. చెరోకీలకు వంశము తల్లివలన. తండ్రి ఎంత గొప్పవాడైనను, చెరోకీ తల్లి లేని బిడ్డకు వంశము లేదు. వంశము లేనివానికి చుట్టము లేదు. 1825లో సభ చెరోకీ పురుషులకు తెల్లభార్యలయందు పుట్టిన బిడ్డలను సభ్యులుగా చేర్చుకొనెను. 1824లోనే నీగ్రో బానిసలతోడి వివాహములను నిషేధించియుండెను. 1827 నాటి రాజ్యాంగము ఆఫ్రికా జాతి తల్లుల బిడ్డలను వెలిపఱచినది. తల్లినిబట్టి వంశమను ప్రాచీనధర్మము తెల్లతల్లి విషయమున సడలి నల్లతల్లి విషయమున బిగిసినది. మైల్సు ఈ మూడు శాసనములను ఒక కుటుంబపు బ్రతుకు ప్రక్కన నుంచి చూపుటచే, చట్టము మనుష్యుల నెట్లు కోయునో కనబడుచున్నది.

1835 లెక్కలయందు తూర్పుసీమలో చెరోకీలు 16,542 మంది, వారి బానిసలు 1,592 మంది. ఆ బానిసలును అదే బాటను నడచిరి. కట్టెలు కొట్టి, వంటలు చేసి, యజమానులను మోసి నడచిరి. కన్నీళ్ళ బాటను గూర్చి వ్రాసిన వారిలో పెక్కుమంది ఈ మాటను ఒక వాక్యముతో దాటిపోయిరి. మైల్సు గ్రంథమును తూర్పు, పడమర యని రెండు భాగములుగా విభజించి, రెండవదానిని తరలింపుతోనే ఆరంభించెను. కథ బాట ముగిసినచోట ముగియలేదు. 1866 ఒడంబడికచే విముక్తులకు సభ్యత్వపు హక్కు కలిగినది. 1898 మొదలు 1907 వఱకు తయారైన డాసు పట్టికలలో రక్తముచేత చెరోకీలు ఒక జాబితాగాను, విముక్తులు వేఱొక జాబితాగాను వ్రాయబడిరి. తండ్రి చెరోకీయైనను మేను నల్లగా నున్నవారిని తఱచుగా రెండవదానిలోనే వ్రాసిరి. 2007లో చెరోకీ నేషను వోటుచే విముక్తుల సంతతిని తొలగించెను, 2017లో ఫెడరల్ న్యాయస్థానము వారి హక్కును నిలిపెను, 2021లో ఆ జాతి యున్నతన్యాయస్థానమే ‘రక్తముచేత’ అను మాటను రాజ్యాంగమునుండి కొట్టివేసెను. 2005లో వెలువడిన పుస్తకము చరిత్రగ్రంథమై యుండియు రెండు పదుల యేండ్లుగా వ్యాజ్యెమునకు సాక్షివలె నిలుచుట ఇందుచేతనే.

ఇట్టి సంగతులు బయలుపఱచినచో అన్యాయమునకు గురియైన జాతికే అపకీర్తి యని, దాని హక్కులను కాజేయజూచువారికి ఆయుధమిచ్చినట్లగునని భయపడువారు కలరు. ఆ భయము వట్టిది కాదు. 1830లో భూమిని లాగికొనినవారు వెదకినదియు నెపమునే. ఐనను డాల్‌ను దాచి చెప్పిన చరిత్రలో డాల్ సంతతి ఎవరివారు? కార్టరు గ్రంథము చెరోకీల మచ్చలన్నియు తుడిచివేసి వారిని పొగడినది. ఆ పొగడ్త ఒక క్లాను సభ్యుని కలమునుండి వచ్చినది. మైల్సు మచ్చను చూపుచునే వారి భూమియు ప్రభుత్వమును వారివే యని చెప్పినది. ఎవరు మిత్రులో చదువరులే గ్రహింతురు.

ఈ గ్రంథమున నాకు నచ్చని యంశమొకటి కలదు. డాల్ తన మాటలుగా విడిచినది బహుస్వల్పము. ఆ శూన్యమును పూరించుటకై ఇతర బానిసస్త్రీల యనుభవములను, ఒక్కొక్కచో నవలలను గూడ ఆధారముగా గొని, ఆమె ఇట్లు తలచియుండవచ్చును, ఇట్లు భయపడియుండవచ్చును అని రచయిత్రి వ్రాయును. ‘వచ్చును’ అని నిజాయితీగా చెప్పుట మంచిదే. కాని అది అధికమైనపుడు దృఢమైన శాసనముల ప్రక్కన ఊహ తేలిపోవుచున్నది. తెలియనిచోట మౌనముగా నుండిన పుటలే ఇందు బలమైనవి.

మా తరగతిలోని పిల్లలను వారి కుటుంబచరిత్ర వ్రాసికొని రమ్మని అప్పుడప్పుడు అడుగుచుందును. హోసూరు ప్రాంతపు తెలుగుబిడ్డలు. ఇంటిపేరును ఒక ఊరిపేరును తెత్తురు, అంతటితో ఆగును. మన పూర్వులు దక్షిణమునకు వచ్చినది సైన్యములతోను నాగళ్ళతోను గాని, బందూకుల ముందు తోలబడి కాదు; ఆ రెంటిని సమానముగ నెన్నుట చెరోకీల దుఃఖమును తేలికపఱచుట. పిల్లలు తెచ్చిన పేర్ల సంగతి వేఱు. ఊరిపేరు దొరికినచో రెవెన్యూ దస్తరములు, దేవాలయ శాసనములు వెదకవచ్చును. అవ్వ చెప్పినమాట ఎంత మధురమైనను దస్తరముతో పోల్చిచూడవలెనని వారికి నేర్పుటకు మైల్సు పుస్తకములోని అధ్యాయమొకటి తెలుగున నున్నచో ఉపయోగపడును.

చెరోకీ భాష మాటలాడువారు నేడు కొలదివేలకు లోబడియున్నారు. 2001లో చెరోకీ నేషను తమ పిల్లలకు ఆ భాషలోనే బోధించు పాఠశాలను నెలకొల్పినది. 2019లో మూడు చెరోకీ సంఘములును కలసి భాషకు ఆపత్కాలము వచ్చినదని ప్రకటించినవి. వంశవృక్షములకై వెదకు పదునైదు లక్షలలో ఈ బడివైపు చూచువారెందఱో! షూ బూట్సు విన్నపమును మరల చదువుచుండగా నాకు తోచిన దొకటి. 1824 నాటికి సెక్వోయా లిపి పుట్టి మూడేండ్లే యైనది. మనకు చదువ లభించుచున్న విన్నపము ఇంగ్లీషుపాఠము. ‘నా ఎముకకు ఎముక’ యని ఆ తండ్రి తన భాషలో ఏ మాటతో పలికెనో అందులో లేదు.