పెండ్లి విందులో అవివాహితులు

వివాహంతో కథ ముగియడం సుఖాంత నాటకానికి ప్రాచీన సంప్రదాయం. షేక్‌స్పియర్ 'యాజ్ యు లైక్ ఇట్'లో నాలుగు జంటలను ఒకచోట కూర్చి నాటకాన్ని ముగించినాడు. రిచర్డ్ కర్టిస్ రచించగా మైక్ న్యూవెల్ దర్శకత్వం వహించిన 'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునరల్' (1994) అనే ఆంగ్ల చలనచిత్రం ఈ క్రమాన్ని తారుమారు చేసినది. ఇందులో కథ వివాహంతోనే ఆరంభమవుతుంది. అయితే మొదటి మూడు వివాహాలు ఇతరులవి. నాయకుడు చార్లెస్, అతని మిత్రులు అక్కడ అతిథులు మాత్రమే.

వరుని పక్కన నిలువవలసిన చార్లెస్ ఉంగరాలు మరచి వస్తాడు. కొత్తగా పట్టం పొందిన క్రైస్తవ గురువు వధూవరుల పేర్ల వద్దనే తడబడతాడు. మనం నవ్వుతాం. మూడవ పెండ్లిలో గారెత్ అనే మిత్రుడు, మీరు కూడ పోయి తగిన జోడును వెదకుకొనండని తక్కినవారిని ప్రోత్సహిస్తాడు. అతనికి ఆ అన్వేషణతో పని లేదు. మాథ్యూ అతని జీవన సహచరుడు. ఆ విందులోనే గారెత్ హఠాత్తుగా మరణిస్తాడు.

కరుణాన్ని హాస్య శృంగారాలకు విరోధి రసంగా మన ఆలంకారికులు గణించినారు. ఇక్కడ ఆ విరోధం దోషం కాలేదు. ఏలనన, అంతవరకు నవ్వు మరుగున ఉన్న సత్యాన్ని శోకమే వెల్లడించినది. తామందరు అవివాహితులమని భావించిన ఆ బృందంలో ఒక జంట ఇన్నేండ్లు దంపతులుగానే జీవించినదని అంత్యక్రియల తరువాతనే చార్లెస్ గ్రహిస్తాడు. నాటి చట్టం ఆ జంటను గుర్తించలేదు. బ్రిటన్‌లో స్వలింగ జంటల పౌర భాగస్వామ్య చట్టం 2004లోను, ఇంగ్లండు, వేల్సులకు వివాహ చట్టం 2013లోను వచ్చినవి. చిత్రం దీనిని గురించి వాదించదు. మాథ్యూ ఆడెన్ పద్యాన్ని చదివినపుడు ఆ లోటును మనమే అనుభవిస్తాం.

ఒక లోపం చెప్పక తప్పదు. నాయిక క్యారీ మనసు మనకు అందదు. చార్లెస్‌ను మౌనంగా ప్రేమించిన ఫియోనా ఒక్క ఘట్టంలో పలికిన మాటలలోని ఆర్తి, చివర వానలో నాయికా నాయకుల సంభాషణకు లేదు.

నాలుగవ వివాహం చార్లెస్‌దే. అది మధ్యలో ఆగిపోతుంది. అనంతరం అతడు, క్యారీ పెండ్లి లేకుండానే కలిసి ఉండాలని నిశ్చయించుకొంటారు. దీనిని వివాహ నిందగా భావించడం పొరపాటు. గారెత్, మాథ్యూల దాంపత్యాన్ని చూచిన తరువాత తంతు లేకపోవడం అతనికి లోటుగా తోచదు. కాని చార్లెస్ పెండ్లిని కాదనగలిగినాడు. మాథ్యూకు కాదనే అవకాశం సైతం లేదు. ఈ భేదాన్ని గమనించిన ప్రేక్షకునికి చివరి నవ్వు వెంట కొంత బాధ కూడ మిగులుతుంది.