డాంబీ కోఠీ – పోషకత్వ విచారము

చార్లెసు డికెన్సు 1846 మొదలు 1848 వఱకు నెలనెలకు భాగములుగాఁ బ్రకటించిన ‘డాంబీ అండ్ సన్’ అను నవల యొక లండను వర్తకపు కోఠీ చరిత్రము. కోఠీ పేరిటనున్న ‘కుమారుఁడు’ అను పదమే గ్రంథమునకుఁ గీలకము. యజమానుఁడగు డాంబీకి ఫ్లారెన్సు అను కూఁతురుండియు లెక్కకు రాదు. పుత్రుఁడగు పాల్ ఒక్కఁడే వంశమునకును వర్తకమునకును నాధారము. తల్లిలేని యా శిశువునకుఁ బాలిచ్చుటకుఁ గుదిర్చిన దాది పేరు సైత మతఁడు మార్చి, జీతమునకు మించిన మమకారము కూడదని కట్టడి చేయును. ధనమనఁగా నేమియని పాల్ తండ్రి నడుగును. అది సర్వమును జేయఁగలదని యుత్తరము వచ్చును. అట్లయినఁ దన తల్లి నేల కాపాడలేదని బాలుఁడు మరలఁ బ్రశ్నించును. పిమ్మట సాల్ గిల్సను దుకాణదారుని ఋణమునకు డాంబీ సొమ్మిచ్చుటయుఁ గారుణ్యముచేఁ గాదు. ఈవి యెట్టి గొప్పతనమో కుమారునకుఁ జూపుటకు.

దివాలాతో డాంబీ గర్వ మడఁగి, కూఁతురి ప్రేమచే నుద్ధరింపఁబడెనని సామాన్యముగాఁ జెప్పుదురు. కథకది చాలును, విచారమునకుఁ జాలదు. అధికార మున్నంతకాల మతఁడు పోషకత్వ మెఱుఁగఁడు. ఎఱిఁగిననాఁటి కధికారము లేదు. పైఁగాఁ దండ్రిచే దెబ్బతిని యిల్లు వెడలిన ఫ్లారెన్సే క్షమ వేఁడుట గ్రంథకర్త పక్షపాతమనక తప్పదు. తప్పొకరిది, భార మొకరిది.

అధికారమును గారుణ్యమును నొకచో నిలుచునా యను ప్రశ్నకు సమాధానము నాయకునియందుఁ గాక, మార్ఫినను కోఠీ యుద్యోగియందు వెదకవలెను. యౌవనమున సొమ్మపహరించిన జాన్ కార్కరు ఏండ్ల తరబడి యక్కడ నట్టడుగు కొలువునందే యుండెను. మేనేజరగు తమ్ముఁడు జేమ్సు డాంబీ రెండవ భార్యతో వెడలిపోఁగా, దానియం దే పాపము నెఱుఁగని జానునకుఁ గొలువు పోయెను. అన్నదమ్ముల మాటలు ప్రక్కగదినుండి చెవినిఁ బడువఱకుఁ దాను జానును నిత్యము చూచుచు నలవాటుచేఁ బట్టించుకొనలేదని మార్ఫిను వారి సోదరి హారియటుకడ నొప్పుకొనును. సుఖముగ నున్నవానికిఁ బరుల కష్టము కానరాకుండుట కెల్లప్పుడును గ్రౌర్యమే హేతువు గాదు, అలవాటును హేతువే. ఈ యెఱుకయే యతని తోడ్పాటునకు మూలము. అయినను మార్ఫిను దయ యింటింటి సాయమేగాని కోఠీ పద్ధతిని మార్పఁజాలదు.

డాంబీయందు సుగుణము లేకపోలేదు. దివాలాలోఁ దనకై యేమియు దాఁచుకొనక ఋణదాతల కర్పించెను. కాని యది లెక్కల ధర్మము. భృ ధాతువునుండి వచ్చిన భర్తృ శబ్దమునకు భరించువాఁడని యర్థము. డాంబీ పరులచే భరింపఁబడిన పిదపఁ గాని భరింప నేరఁడయ్యెను. పదవియం దుండఁగానే నేర్చినవాని కథ డికెన్సు ఈ నవలయందు వ్రాయలేదు. మార్ఫిను పాత్రయం దది సూచనగా మాత్రము నిలిచినది.