దయ్యపు నవల వెనుక నున్న బాలుడు

విలియం పీటర్ బ్లాటీ 1971వ సంవత్సరమున ప్రకటించిన "ది ఎగ్జార్సిస్టు" అను నవలను గాని, రెండేండ్లకు విలియం ఫ్రీడ్కిన్ దానినిబట్టి తీసిన చలనచిత్రమును గాని పేరైన వినని చదువరులు అరుదు. ఒక నటీమణి కూతురికి దయ్యము పట్టుటయు, వైద్యులు చేతులెత్తివేయుటయు, ఇద్దరు మతగురువులు తమ ప్రాణములొడ్డి దానిని వదలించుటయు ఇందలి కథ. కథ యెంత భయంకరమైనను కథయే గదా యని మేము ఊరకుందుము. కాని దీనిని గూర్చి మాటలాడువారు తుదకొక మాట చేర్చక మానరు: "ఇది నిజముగా జరిగినదట!" నవల కలిగించు భయములో సగము పుస్తకములో లేదు, ఈ "అట"లో నున్నది. కావున మా విమర్శ దానితోనే మొదలిడుచున్నాము.

వాషింగ్టన్ నగర సమీపమున మేరీలాండు రాష్ట్రములో లూథరన్ శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబ మొకటి యుండెను. ఆ యింటి యేకైక సంతానము పదమూడేండ్లు దాటిన బాలుడు. సెంట్ లూయిస్ నగరమునుండి వచ్చిపోవు బంధువురాలొకామె వానికి మిక్కిలి చేరువ. మృతులతో మాటలాడవచ్చునను నమ్మకము ఆమెకు గలదు. అక్షరములు వ్రాసిన పలకపై చేతులుంచి ఆత్మల ప్రశ్నించు ఊయిజా యను ఆటను వానికి చూపినది ఆమెయే. 1949 జనవరిలో ఆమె మరణించెను. ఆ దినములలోనే యింటిలో గోడలు గీరినట్టి చప్పుడులును, మంచము కదలుటయు ఆరంభమైనవి. వారి మతగురువైన షుల్జ్ బాలుని ఒక రాత్రి తన యింట నుంచుకొని చూచి, డ్యూక్ విశ్వవిద్యాలయమున అతీంద్రియశక్తులను పరిశోధించుచుండిన రైన్ పండితునకు జాబు వ్రాసెను.

తరువాత తల్లిదండ్రులు వానిని సెంట్ లూయిస్‌లోని బంధువుల యింటికి గొనిపోయిరి. అచట రేమండ్ బిషప్, విలియం బౌడర్న్ అను జెసూట్ గురువులు పూనుకొని, పై యధికారి యనుమతి పొంది, మార్చి మధ్యమునుండి రాత్రి వెంట రాత్రి ఉచ్చాటన మంత్రములు చదివిరి. ఏప్రిల్ 18వ తేదీన అలెక్సియన్ బ్రదర్సు వారి ఆసుపత్రిలో పీడ వదలినదని చెప్పిరి. ఆగష్టులో "వాషింగ్టన్ పోస్టు" ఈ వార్తను మొదటి పుటలో ప్రకటించెను. అప్పుడు జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన బ్లాటీ దానిని చదివెను. నవలకు బీజమిదియే.

ఇక బిషప్ గురువు వ్రాసియుంచిన దినచర్య సంగతి. 1993లో థామస్ ఆలెన్ దీని నాధారము చేసికొని ఒక గ్రంథము వ్రాసెను. బాలుని దేహముపై గీతలును, అక్షరములును తేలుచుండెనని అందున్నది. ఎక్కడికి పోవలెనని యింటివారు తర్కించుకొనునప్పుడు ప్రక్కటెముకలపై "లూయిస్" అని తేలెనట. అచటి బడిలో వేయుదమా యను ప్రసంగము రాగా, మణికట్టులపై "వద్దు" అను మాట కనబడెనట! దీనిని చదివినప్పుడు మాకు నవ్వును, వెంటనే జాలియు గలిగినవి. పాతాళలోకమునుండి వచ్చిన భూతమునకు పిల్లవాని బడితో నేమి పని? బడికి పోనొల్లని పిల్లవానికి కడుపునొప్పి వచ్చుట మన యిండ్లలో నెరుగని తల్లి కలదా?

నాడు బాలుని చేతులు కాళ్లు పట్టుకొని తోడ్పడిన యువకుడు వాల్టర్ హాలొరన్ పిదప గురువై, వృద్ధాప్యమున ఈ విషయమై నిజాయితీతో మాటలాడెను. బాలుని కంఠస్వరము మారుట తాను వినలేదనియు, లాటిను మాటలు గురువుల నోట విని తిరిగి పలికినట్లే తోచెననియు, గీతలు పడినప్పుడు వాని గోళ్లను తాము పరీక్షింపలేదనియు చెప్పెను. అది దయ్యమా కాదా యని తేల్చుటకు తనకు యోగ్యత లేదనెను. 1614లో రోమన్ సంఘము ప్రకటించిన ఉచ్చాటన విధియే, దయ్యము పట్టినదని తొందరపడి నమ్మరాదని గురువులను హెచ్చరించుచు, ఎన్నడు నెరుగని భాష మాటలాడుట, మానవశక్తికి మించిన బలము చూపుట మొదలగు లక్షణములను వెదకుమనుచున్నది. ఇక్కడ మంచముచుట్టు నిలిచిన పెద్దలలో గోళ్లను చూచినవాడే లేడు.

1999లో మార్క్ ఆప్సాస్నిక్ అను పరిశోధకుడు బాలుని యిరుగుపొరుగువారిని, తోడి పిల్లలను కలిసికొని, వాడు కొంటెచేష్టలకు పేరు పొందినవాడని విని ప్రకటించెను. అయినను మేము వానిని మోసగాడనము. తోడులేని పిల్లవాడు, తనతో ఆడిన పెద్దదిక్కు పోయినది, ఆమె నేర్పిన ఆటయే ఆమెను తిరిగి పిలువవచ్చునని చెప్పినది. ఒక చప్పుడు కాగానే ఇంటివారందరును తనవైపు భయముతో చూచిరి. త్రాడు పామగుటకు చీకటి చాలును; ఇక్కడ పెద్దలందరును కలిసి దీపము ఆర్పిరి. వాని దుఃఖమును గూర్చి యెవరైన వానిని నెమ్మదిగా అడిగిరా యన్నదే మా ప్రశ్న.

బ్లాటీ ఈ బాలుని గుర్తు దెలియకుండుటకై బాలికను జేసెను, అది మర్యాదయే. కాని గోరంతను కొండంత చేయుటలో నతడు వెనుదీయలేదు. నిజవృత్తాంతమున ఎవరి మెడయు వెనుకకు తిరుగలేదు, ఏ గురువును చావలేదు. కల్పనకు ఈ స్వేచ్ఛ కలదు. పైగా నవలలో నొక గొప్ప గుణమున్నది. మనశ్శాస్త్రము చదివిన కారస్ అను గురువు, తల్లిని పోగొట్టుకొని, విశ్వాసము సడలి, బాలికను పరీక్షించు పుటలు నిజముగా ఉత్తమసాహిత్యము. అతడు కుళాయినీటిని తీర్థమని చెప్పి చల్లగా లోని భూతము విలవిలలాడును! తెలియని భాష యని భ్రమించిన పలుకులు తలక్రిందులైన ఆంగ్లమని తేలును. దయ్యము లేదనుటకు సాక్ష్యములను రచయితయే యింత నిక్కచ్చిగా చూపెను. పుస్తకము దానిని గూర్చిన ప్రకటనలకంటె చాల నిజాయితీ గలది.

లోపమెక్కడ ననగా, వైద్యులను చూపిన తీరులో. వారి పరీక్షలన్నియు ఓటమికొరకే యేర్పడిన మెట్లు. ఒక్కొక్క మెట్టు కూలినకొలది చదువరి మంత్రమువైపు జరుగును. "వైద్యమునకు లొంగలేదు గనుక దయ్యమే" యను తర్కము కథలో రక్తికట్టును. మన యూళ్లలో వేపమండ పట్టిన భూతవైద్యుని తర్కమును ఇదియే. కథ ముగియగానే ఆ తర్కము ముగిసిన బాధలేదు. "నిజముగా జరిగినదట" యను మాట దానికి తలుపు తెరచియుంచుచున్నది.

ఆ తలుపు లోపలి సంగతి పశ్చిమ జర్మనీలో కనబడినది. మూర్ఛవ్యాధికి చికిత్స పొందుచుండిన ఒక విద్యార్థినికి దయ్యములు పట్టినవని నమ్మి, 1975 సెప్టెంబరునుండి ఇద్దరు గురువులు 67 మారులు ఉచ్చాటన జరిపిరి. వైద్యుని పిలువలేదు. ఆమె అన్నము మానెను. 1976 జులై 1వ తేదీన 23 ఏండ్ల యా యువతి చనిపోవునప్పటికి బరువు సుమారు 30 కిలోలు. 1978లో న్యాయస్థానము తల్లిదండ్రులను, గురువులను నిర్లక్ష్యముచే మరణము కలిగించిన దోషులుగా తేల్చి, ఆరు మాసముల శిక్ష విధించి, దాని అమలును నిలిపియుంచెను. బ్లాటీ నవలయే దీనికి కారణమని మేమనము. అట్టి నమ్మకము ఆ నవలకంటె వేయేండ్లు పెద్దది. కాని 2005లో ఈ మరణమునుబట్టియు హాలీవుడ్ చిత్రమొకటి తీయబడినది. దానికిని "యథార్థగాథ" యను ముద్రయే వేయబడినది.

మేరీలాండు బాలుడు పెద్దవాడై, పేరు బయటపడకుండ బ్రదుకవలెనని కోరుకొనెను. దయ్యపు యింటి స్థలమని మౌంట్ రెయినియర్ అను ఊరిలో ఒక ఖాళీ జాగాను జనులు ఏండ్ల తరబడి చూపుకొనుచుండిరి. పడుచువాండ్రు రాత్రులందు అచటికి పోయి భయపడి వచ్చుచుండిరి. ఆప్సాస్నిక్ విచారింపగా, ఆ బాలుని కుటుంబము అక్కడ ఎన్నడును కాపురముండలేదని తేలినది.