ఇంటి షెడ్డులో పందెపుకారు

పగలెల్ల కచేరీలో లెక్కలు వ్రాసి, సాయంకాలము కారు షెడ్డు తలుపు మూసికొని, ముఖమునకు వెల్డింగు ముసుగు తొడిగి, తన పందెపుకారును తానే కట్టుకొను ఇంగ్లండు గృహస్థుని విద్య నాకు మిక్కిలి ప్రశంసాపాత్రముగ తోచును. 1996లో రాన్ ఛాంపియన్ అనునతడు 250 పౌనులకే అట్టి కారు నిర్మింపవచ్చునని గ్రంథము వెలువరించిన పిమ్మట, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగములతో ‘లోకాస్ట్’ కార్లు పెరళ్ళలో పుట్టినవి. 750 మోటార్ క్లబ్ అను సంఘము వానికి ప్రత్యేకముగ పందెములు నడిపినది. ఆ మొత్తముతో ఎందరు సరిపెట్టుకొనిరో వారి ఇల్లాండ్రనడుగవలెను!

చట్రమునకు వాడునవి 25 మిల్లీమీటర్ల చదరపు ఉక్కుగొట్టములు. గోడ మందము 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. కష్టమెల్ల ఇచ్చటనే కలదు: వెల్డింగు చేయునపుడు కరెంటు హెచ్చిన గొట్టము చిల్లుపడును, తగ్గిన లోహము పైపైన పేరుకొని, చూపులకు అతికినట్లుండియు లోన పట్టులేక, బరువు పడగనే విడిపోవును. కావున నేర్పరి గొట్టపు కొనలను సందులేకుండ ఆకురాతితో రాచి, తుప్పును చమురును పోగొట్టి, చదునైన బల్లమీద చెక్కదిమ్మెల నడుమ బిగించి, ముందు చుక్కలుగ మాత్రమే అతికి, మూలనుండి మూలకు కొలత సరిచూచి, పిదప ఈవైపొకటి ఆవైపొకటి చొప్పున అతుకులు ముగించును. ఏలయన వేడి ఒకేచోట కూడినచో చట్రమెల్ల అప్పడమువలె వంకరపోవును. వెల్డింగు తీగ కరగు చిటపట ఎడతెగక సమముగ వినవచ్చినచో అతుకు కుదురుచున్నదని అతని చెవియే చెప్పును.

ఈ విద్యకు పూనువారు మొదట పనికిరాని ముక్కలనతికి, రంపముతో అడ్డముగ కోసి, లోహము లోనికి దిగినదో లేదో చూచుకొందురుగాక. కారు బోల్తాపడినపుడు ప్రాణరక్షకమగు ఉక్కు పంజరమును మాత్రము ఆరితేరినవానికే విడుతురుగాక.