వంటింట్లోంచి విన్న ఆట

మా కంచిలిలో రైలు దిగిన కొత్తవాళ్ళు ముందు కంగారు పడతారు. స్టేషను ఉన్నది మా ఊళ్ళో, బోర్డు మీద పేరు మాత్రం 'సోంపేట'. రేడియోలో ఆటల కార్యక్రమాలు తలచుకున్నప్పుడల్లా నాకు ఆ బోర్డే గుర్తొస్తుంది. పేరు చూస్తే 'క్రీడలు'. దిగి చూస్తే అంతా క్రికెట్టే. వినేది ఇంటిల్లిపాదీ. వాళ్ళు చెప్పేది మాత్రం వీధిగదిలో కాళ్ళు చాపుకు కూర్చున్న మగవాళ్ళకి.

1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి మాకు దగ్గరి చుట్టం. కటక్ కేంద్రం సరిహద్దు అవతలి చుట్టం. ముల్లు కాస్త పక్కకి జరిగితే చాలు, పిలవకుండానే ఒడియాలో మాటల్లోకి వచ్చేసేది. ఈ ఇద్దరి మధ్యా ఢిల్లీనుంచి క్రికెట్ కామెంటరీ, కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. మా అమ్మకి ఆ రెండూ రావు. అయినా స్కోరు ఎటు పోతోందో అందరికంటే ముందు పసిగట్టేది ఆవిడే! "గోల ఆగిపోయింది, మనవాడెవడో అవుటయ్యుంటాడు," అనేది కొబ్బరి కోరుతూనే. చూస్తే నిజమే అయ్యేది.

1987 నవంబరు 5వ తేదీ. బొంబాయిలో ఇంగ్లండుతో ప్రపంచకప్పు సెమీఫైనలు. టీవీ ఇంకా మా వీధికి రాలేదు. నాన్నగారూ, చిన్నాన్నా, పక్కింటివాళ్ళూ రేడియో చుట్టూ మూగారు. గూచ్ అనే ఆయన మన స్పిన్నర్లని వంగి వంగి 'స్వీప్' కొడుతున్నాడు. ఆ మాట పదేపదే వినిపించేసరికి అమ్మ వంటింట్లోంచి అడిగింది, "స్వీప్ అంటే ఏటిరా?"

"ఊడవడం," అన్నాడు మా తమ్ముడు.

"పొద్దున్నుంచీ ఊడుస్తూనే ఉన్నాడా? దానికేనా ఆ చప్పట్లు? నేను రోజూ రెండుపూటలా ఊడుస్తాను, ఒక్కడు కొట్టాడా?"

వీధిగది అంతా నవ్వింది. ఆ ఊడ్పుతోనే గూచ్ 115 పరుగులు చేశాడు, మనం 35 పరుగుల తేడాతో ఓడిపోయాం. నవ్వినవాళ్ళంతా ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తినకపోతే చద్దన్నం ఎవరు తినాలో మీకు వేరే చెప్పాలా?

రేడియో కామెంటరీ గొప్ప కళ అని నేను ఒప్పుకుంటాను. మన దేశంలో 1934లో బొంబాయి మైదానంనుంచి తల్యార్‌ఖాన్ దానికి శ్రీకారం చుట్టారు. పక్కన ఇంకో గొంతు లేకుండా ఆయనొక్కరే రోజంతా చెప్పేవారట. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్ మీద 2–1తో మనవాళ్ళు హాకీ ప్రపంచకప్పు గెలిచినప్పుడు, బంతి వెనకే పరుగెత్తిన జస్‌దేవ్‌సింగ్ గొంతుని మా నాన్నగారు చివరిదాకా మరచిపోలేదు. చూడలేనివాడికి చూపించడం వాళ్ళ విద్య. బంతి ఎటు పోయింది, ఎవరు వెంటపడ్డారు, ఎండ ఎలా ఉంది – అన్నీ చెప్పాలి. ఇప్పటి టీవీ వ్యాఖ్యానంలో తెలుగు ఉంది గానీ ఈ విద్య లేదు. సినిమా డైలాగులూ, ఒకరి మీద ఒకరు జోకులూ అయ్యాక బంతి గుర్తొస్తుంది. బొమ్మ కనపడుతోందిగా అన్న ధీమా!

అయితే ఇంత విద్య ఉన్న రేడియో దాన్ని ఎవరి ఆటకి ఖర్చుపెట్టింది? నా ఫిర్యాదు అక్కడే.

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ స్త్రీ. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల, మా జిల్లా ఆడపడుచు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. చివరిసారి బంగారం కోసం 137.5 కిలోలకి చెయ్యి వేసింది, నిలపలేకపోయింది. ఆ క్షణం రేడియోకి ఎంత సొమ్ము! చేతులకి సుద్ద రాసుకోవడం, ఊపిరి బిగబట్టడం, ఇనుము నేలని తాకిన చప్పుడు. మా రేడియోలో నేను విన్నది మాత్రం వార్తల్లో ఒక్క ముక్క. ఆ తరువాత వాతావరణం.

ఆడగొంతు ఆటకి పనికిరాదా అంటే, సి.కె. నాయుడుగారి అమ్మాయి చంద్రా నాయుడు 1977లోనే ఇండోర్‌లో మైకు ముందు కూర్చున్నారు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలి స్త్రీ. మూలాలు తెలుగింటివే. 2021లో ఆవిడ పోయారు. తెలుగులో అలాంటి గొంతు మా ఇంటి రేడియోలో నేనెన్నడూ వినలేదు.

"ఇప్పుడు రేడియో ఎవరు వింటారండీ?" అంటారేమో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు (ఆ ఊడ్పుకీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు) కొబ్బరిచెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి, టీవీలూ ఫోన్లూ మూగవయ్యాయి. అటకమీది ట్రాన్సిస్టరు దించి బ్యాటరీలు వేస్తే అదొక్కటే మాట్లాడింది. ఆ నెల 24న విశాఖలో భారత్, వెస్టిండీస్ చెరి 321 పరుగులతో సమమయ్యాయని మాకు చెప్పింది కూడా అదే. చూడలేనివాడు ఉన్నంతకాలం చెప్పేవాడు కావాలి.

2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు తెచ్చారు. జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. ఎనభై దాటిన మా అమ్మకి టీవీ బొమ్మ మసక. అందుకని పక్కన కూర్చుని ఫైనలంతా నేనే చెప్పాను, బంతి బంతికీ, మా ఊరి తెలుగులో. వంటిల్లు ఆ రోజు మూసేశాం.

విశాఖ కేంద్రానికి నా విన్నపం ఒక్కటే. వారానికి అరగంట ఇవ్వండి. బరువులెత్తే ఆమదాలవలస పిల్లల్నీ, బడి మైదానంలో చెడుగుడాడే మా ఉద్దానం పిల్లల్నీ తెలుగులో, ఒక ఆడగొంతుతో చూపించండి. గొంతు దొరకదంటారా?

ఫైనలయ్యాక మా అమ్మ అంది, "బాగా చెప్పావే. ఇన్నాళ్ళూ ఎవరూ నాకు చెప్పలేదు."