‘ఎక్స్‌ట్రా’లో పడ్డవి

సాహిత్య పత్రికలో ఒక పైథాన్ క్లాస్ మీద సమీక్ష ఏంటి అనొచ్చు. కానీ అపాచీ లిబ్‌క్లౌడ్‌లోని ‘నోడ్’ అనే క్లాస్ నాకు ఎప్పుడూ ఒక వర్ణనలాగే కనిపిస్తుంది. ఎక్కడో డేటా సెంటర్‌లో మనం అద్దెకు తీసుకున్న సర్వర్ ఉంటుంది. అదైనా విడిగా ఒక యంత్రం కాదు, ఓ పెద్ద యంత్రంలో మన వాటా. దాన్ని చూడలేం, ముట్టుకోలేం. మన ప్రోగ్రామ్‌కి దాని గురించి తెలిసేదల్లా ఈ క్లాస్ చెప్పే నాలుగు ముక్కలే. ఏ నాలుగు చెప్పాలి, ఏవి వదిలేయాలి? ఇది రాసేవాళ్ల సమస్యే కదా.

లిబ్‌క్లౌడ్ 2009లో క్లౌడ్‌కిక్ అనే చిన్న కంపెనీలో మొదలైంది, 2011కల్లా అపాచీలో పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. అమెజాన్, గూగుల్, ఓపెన్‌స్టాక్ – ఒక్కోటి సర్వర్ వివరాలను ఒక్కో తీరుగా పంపిస్తుంది. వాటన్నిటికీ సరిపోయే ఒకే రూపం కావాలి. అందుకని నోడ్‌కి కొన్ని ఫీల్డులు పెట్టారు: ఐడీ, పేరు, స్థితి, పబ్లిక్ ఐపీలు, ప్రైవేట్ ఐపీలు, డ్రైవర్, సైజు, ఇమేజ్, పుట్టిన సమయం. వీటిలో ఇమడని వాటి కోసం చివర్లో ‘ఎక్స్‌ట్రా’ అని ఒక డిక్షనరీ ఉంది. ఇంట్లో అటక లాంటిది.

ఇంత పొదుపు నాకు నచ్చుతుంది. అమెజాన్ సొంత లైబ్రరీ బోటో3లో ఇదే సర్వర్ వివరాలు అడిగి చూడండి. డజన్ల కొద్దీ ఫీల్డులు, ఒకదాని లోపల ఒకటి. ఏదీ వదలకుండా చెబుతుంది, ఏది ముఖ్యమో మాత్రం చెప్పదు. దండకంలా సాగిపోతుంది. లిబ్‌క్లౌడ్ కనీసం ఏది ముఖ్యమో తేల్చి చెప్పింది. అలా తేల్చినందుకే దానితో పోట్లాడటానికి మనకి వీలు దొరికింది.

నా మొదటి పేచీ ఊరి గురించి. నోడ్‌కి పేరుంది, స్థితి ఉంది, అది ఎక్కడుందో చెప్పే ఫీల్డు లేదు. మాది సారంగాపూర్ అని హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా “నిర్మల్ దగ్గరిదా, జగిత్యాల దగ్గరిదా?” అంటారు. తెలంగాణలో ఆ పేరుతో రెండు మండలాలున్నాయి మరి. ఉత్త పేరు ఎవరికీ సరిపోదు, జిల్లా చెప్తేనే మనిషి తెలుస్తాడు. లిబ్‌క్లౌడ్‌కి ఈ సంగతి తెలియక కాదు. సర్వర్ ఐడీకి డ్రైవర్ రకాన్ని జతచేసి, హాష్ చేసి, ప్రతి నోడ్‌కీ విడి గుర్తింపు తయారుచేస్తుంది. అంటే ఏ కంపెనీ సర్వరో కచ్చితంగా చెప్పగలదు. ఏ ఊళ్లో ఉందో కావాలంటే మాత్రం అటక ఎక్కాల్సిందే.

అక్కడ కూడా ఒక్క పేరు మీద ఉండదు. అమెజాన్ డ్రైవర్ దాన్ని ‘అవైలబిలిటీ’ అంటుంది, ఓపెన్‌స్టాక్ డ్రైవర్ ‘అవైలబిలిటీ జోన్’ అంటుంది, గూగుల్ డ్రైవర్ ఉత్త ‘జోన్’ అంటుంది. అందరికీ ఒకే మాట ఉండాలని పుట్టిన లైబ్రరీ, మూలకు తోసిన విషయం దగ్గరికొచ్చేసరికి ఎవరి మాట వాళ్లకి వదిలేసింది.

రెండోది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. అమెజాన్‌లో సర్వర్‌ని తీసేయమన్నాక, అది పూర్తిగా పోయేలోపు ‘షటింగ్ డౌన్’ అనే దశ ఒకటి ఉంటుంది. లిబ్‌క్లౌడ్ డ్రైవర్ ఆ దశకి ఇచ్చిన పేరు ‘అన్‌నోన్’. నడుస్తుంటే తెలుసు, పోయాక తెలుసు, పోతూ ఉన్నప్పుడు మాత్రం తెలియదు! అసలు మాట ఎక్స్‌ట్రాలో ‘స్టేటస్’ పేరుతో భద్రంగానే ఉంది. స్థితి ఎందుకు మారిందో చెప్పే ‘రీజన్’ కూడా అక్కడే. ఇక కొత్త సర్వర్‌కి కంపెనీ పాస్‌వర్డ్ పుట్టించి ఇస్తే, లిబ్‌క్లౌడ్ అదీ ఎక్స్‌ట్రాలోనే వెతుక్కుంటుంది. ఇంటి తాళంచెవి అటక మీద పెట్టినట్టు.

ఏది ఫీల్డు, ఏది ఎక్స్‌ట్రా అనే ప్రశ్న కోడ్ రాసేవాళ్లది మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా దిక్కు ఊళ్లల్లో దీన్నే ‘కాలం’ అంటారు, కాలమ్ అని. పాత పహాణీలో పట్టాదారు కాలం ఉండేది, పక్కన అనుభవదారు కాలం ఉండేది. భూమి ఎవరి పేరు మీద ఉంది, ఎవరు దున్నుతున్నారు అన్నవి రెండు వేర్వేరు సంగతులని ఆ కాగితానికి తెలుసు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. పట్టాదారు ఉన్నాడు, సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది. అనుభవదారు కాలం పోయింది. అప్పటికే 2018 మే నుంచి రైతుబంధు, ఎకరానికి సీజన్‌కి 4000 రూపాయలతో మొదలై, పట్టాదారు ఖాతాలోకి వెళ్తోంది. కౌలుదారుకి ఇవ్వబోమని ప్రభుత్వం బాహాటంగానే చెప్పింది. మొదట డబ్బులోంచి పక్కకు పెట్టారు, తర్వాత దున్నేవాడిని చూపే గడే రికార్డులోంచి పోయింది. కౌలు చేసేవాడు ఇక ఏ కాగితం చూపించి అడగాలి?

ధరణి కూడా పొదుపైన రూపమే. తక్కువ గడులు, తక్కువ తగాదాలు అన్నారు. లిబ్‌క్లౌడ్‌కీ ధరణికీ తేడా ఒక్కటే నాకు కనిపిస్తుంది: లిబ్‌క్లౌడ్ రాసినవాళ్లు తమ ఫీల్డుల్లో లోకమంతా పట్టదని ముందే అనుకుని, ఒక ఎక్స్‌ట్రా పెట్టారు. వదిలేసినదాన్ని పారేయలేదు. ఆ డిక్షనరీని ఎంత తిట్టినా, వాళ్ల నిజాయితీ కూడా అందులోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ఏ చట్టమొచ్చినా, నేను ముందు చూసేది దాని గడులనే.

అలాగని లిబ్‌క్లౌడ్‌ని వదిలిపెట్టను. దాంట్లో ‘నోడ్ లొకేషన్’ అని విడిగా ఇంకో క్లాస్ ఉంది, దానికి పేరూ దేశమూ ఉన్నాయి. కొత్త సర్వర్ పుట్టించేటప్పుడు దాన్ని ఇవ్వొచ్చు కూడా. 2022 నవంబర్ నుంచి అమెజాన్‌కి హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది కాబట్టి, నా సర్వర్ అక్కడే పుట్టాలని అడగొచ్చు. పుట్టి తిరిగొచ్చిన నోడ్‌ని మాత్రం “ఏ ఊరు మీది?” అంటే చెప్పడానికి దానికి ఫీల్డు లేదు.