జగన్నాథుని బాటలో ఒక మజిలీ

జంషెడ్‌పూరులో సోనారి చెంత, దోముహాని కడ ఖర్కాయిని కలుపుకొని ఆగ్నేయముగా సాగెడి సువర్ణరేఖ, ఘాట్‌శిలను దాటి, వంగదేశపు సరిహద్దు పొలములను తడిపి, ఉత్కళమున జలేశ్వరమునకు చేరువగా రాజఘాటు వద్ద ఒక పురాతన మార్గమును ఖండించి, అటుపిమ్మట బంగాళాఖాతమున కలియుచున్నది. ఆ మార్గమే జగన్నాథ సడకు. ఉక్కు కర్మాగారమునందును, రైల్వేలోను కొలువులకై వచ్చి బిష్టుపూరు, కదమా ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు నేడు టాటానగరున పురుషోత్తమ ఎక్స్‌ప్రెస్సు నెక్కి సుఖముగా పూరీ చేరుచున్నారు. ఆ సడకును పాదచారులై గడచిన పూర్వులకో, యాత్ర యనగా మజిలీల వరుస. ఒక దినపు నడకను కొలుచుకొని, కాచుకొని, తోడివారితో పంచుకొనుటలో వారు సాధించిన నేర్పు ఒక విద్య యనదగినది.

కలకత్తా నుండి మేదినీపురము, దాంతను, జలేశ్వరము, బాలేశ్వరము, భద్రకము, కటకముల మీదుగా ఈ బాట పూరీకి పోవును. దీని ఉత్కళభాగమున 1510లో చైతన్యమహాప్రభువు నడిచెను. 1803లో ఆంగ్లేయులు ఉత్కళమును వశపరచుకొన్న పిమ్మట, కలకత్తా ధనికుడు రాజా సుఖమయ రాయ్ 1,50,000 రూపాయలు విరాళమీయగా దారి చక్కబడెను. ఇరుదెసల చెట్లు, బావులు, సత్రములు వెలసెను.

మన భాషలో ఈ విద్యకు సాక్ష్యము పలుకువాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఆ మహనీయుడు 1830 మే 18న బయలుదేరి, కాశీని సేవించి, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరు 3న మరలివచ్చెను. పల్లకిలో, పెద్ద పరివారముతో సాగినవాడైనను, ప్రతి మజిలీకిని ఎంత దూరము, దారి ఎట్టిది, నీరు కలదా, అంగళ్లు కలవా యని శ్రద్ధగా వ్రాసిపెట్టెను. ఆ వ్రాతను కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ల 1838లో అచ్చువేయించి మనకు మహోపకారము చేసెను. వీరాస్వామయ్య వ్రాత చదివినవారికి ఒక సత్యము గోచరించును: మజిలీ దూరమును నిర్ణయించునది కాళ్ల బలము కాదు, నీరు. మంచినీటి చెరువో బావియో, వంటచెరకో, తల దాచుకొనుటకు చూరో లభించు చోటనే ఆనాటి నడక ముగియవలెను. ఓపిక మిగిలినదని ముందుకు సాగినవాడు చీకటిలో నిర్జలప్రదేశమున చిక్కుకొనును.

వేకువజామున లేచి, ఎండ ముదరకముందే అధికభాగము నడిచివేయుట మొదటి నియమము. జట్టులో మందగమనులైన వృద్ధులను ముందుంచి తక్కినవారు వారి అడుగును అనుసరించుట రెండవది. దీనిలో దయయు కలదు, లెక్కయు కలదు, ఏలయన విడిపోయిన జట్టు దారిలో దిక్కులేనిదగును. మూట తేలికగా నుండవలెను. అటుకులు, బెల్లము చేతనుంచుకొని, వంట మాత్రము విడిదిలో ఒక్కపూటయే. దిగిన వెంటనే పాదములు కడిగి, బొబ్బలు చూచుకొనవలెను. అలసటను మరపించుటకు కథ కావలెను. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలలో గొల్లపిల్లవానిచేత, తనతో కాశీకి పోవు మణిసిద్ధుని యొద్ద మజిలీకొక కథ కోరించుట వట్టి కల్పనాచమత్కారము గాదు, బాటసారుల అనుభవము.

ఈ విద్య పరిపూర్ణముగా కానవచ్చునది చివరి మజిలీలో. సాక్షిగోపాలమునుండి పూరీకి సుమారు 20 కిలోమీటర్లు. ఆ ఊరి దైవమే నడచివచ్చిన దైవము: భక్తుని మాటకు సాక్ష్యమిచ్చుటకై బృందావనమునుండి అతని వెంట దక్షిణమునకు నడిచెననియు, అందెల చప్పుడు ఆగగా అతడు వెనుదిరిగి చూచినంతనే శిలయై నిలిచెననియు ఐతిహ్యము. గోపాలునికి మ్రొక్కి, కొబ్బరితోపుల నీడలు విడిచి, వరిచేల నడుమ చందనపురము మీదుగా సాగువారికి గాలిలో క్రమముగా సముద్రపు తేమ తగులును. పదునెనిమిది కమానుల అఠారనాలా వంతెన చేరునప్పటికి శ్రీమందిరశిఖరము కన్నుల యెదుట నిలుచును. 1840 వరకు ఈ క్షేత్రప్రవేశమునకు సర్కారుకు యాత్రిక పన్ను చెల్లింపవలసి యుండెను.

ఆ కాలపు బాధలను మరచి ఈ బాటను పొగడుట ధర్మము కాదు. రథయాత్ర ఆషాఢమున వచ్చును. వానలకు నదులు పొంగెడివి, కలరా వ్యాపించెడిది, తిరుగుదారిలో అసువులు బాసినవా రనేకులు. 1897లో పూరీకి రైలు వచ్చుట ఆ దీనులకు వరమే. అయినను రైలు ప్రాణములను కాచినది గాని, నీటినిబట్టి దినమును కొలుచుకొనుట, బలహీనుని అడుగుకు బలవంతుడు లోబడుట అను రెండింటిని అది నేర్పజాలదు. నా దృష్టిలో యాత్రాఫలములో సగము ఆ రెండింటియందే యున్నది.

కావున జంషెడ్‌పూరు తెలుగువారికి, విశేషించి యువకులకు, నా విన్నపము: ఈ శీతకాలమున పూరీకి పోవునప్పుడు సాక్షిగోపాలమున దిగుడు, వేకువనే బయలుదేరి, ఇంటి పెద్దలలో నడువగలవారిని ముందుంచుకొని, ఆ ఒక్క మజిలీని కాలినడకన పూర్తి చేయుడు.